మూడో దొడ్డి

పద్దెనిమిది గొర్రెల్లో మొదటి ఆరు సోమవారం పొద్దున పోయాయి.

అత్త అప్పుడే గడ్డిమోపు దించుతోంది. రోజూలాగే పద్దెనిమిదింటికీ సరిపడా కోసి తెచ్చింది. మొదటి దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒక్క గొర్రె కూడా లేదు. ఎండకి తోలారేమో అనుకుంది. ఇంతలో షెడ్డు వెనక గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించి అటు నడిచింది. గచ్చు మీద నాలుగు పడి ఉన్నాయి. ఐదోది కోతమనిషి మోకాళ్ల మధ్య ఉంది. ఆరోదాన్ని గుంజకి కట్టేశారు. అది అత్తని చూసి అరిచింది.

మేనకోడలు పశు పరిశోధన కేంద్రం ప్రయోగశాల కిటికీలోంచి ఇదంతా చూస్తూనే ఉంది. చేతిలో నల్ల పళ్లెం ఉంది. బయటికి వెళ్దామనుకుంది, వెళ్లలేదు.

అత్తే వచ్చింది. గడప అవతలే ఆగింది. బయట తొడిగిన చెప్పులతో లోపలికి రాకూడదు, వాళ్లిచ్చే రబ్బరు చెప్పులు లేకుండానూ రాకూడదు. అత్త పాదాలకి ఆ రబ్బరు చెప్పులు పట్టవు. ఆరు వారాలుగా ఆమె ఆ గడప దాటలేదు.

"అమ్మడూ, మనవి ఇంటికి రావా?"

"రావత్తా."

"ఆరూనా?"

మేనకోడలు పళ్లెం బల్ల మీద పెట్టింది. "పద్దెనిమిదీ. ఇవాళ మొదటి దొడ్డి, రేపు రెండోది, ఎల్లుండి మూడోది. పెంటికల్లో పురుగు గుడ్లు లెక్కపెడితే చాలదు. పొట్ట కోసి లోపలున్న పురుగుల్ని కూడా లెక్కపెట్టాలి."

"ఈ మాట కాగితంలో ఉందా?"

"ఉంది."

"నువ్వు చదివి వినిపించావు కదూ."

"చదివాను."

అత్త గడప వంక చూసింది. "అయితే నేనే సరిగ్గా వినలేదన్నమాట," అంది.

కాగితంలో ఆ వాక్యం ఇలా ఉంది: 'ప్రయోగానంతరం జంతువులను అంతిమ పరిశీలన నిమిత్తం వినియోగించుట జరుగును.' మేనకోడలు దాన్ని ఉన్నదున్నట్టే చదివింది, మిగతా వాక్యాల కంటే కొంచెం తొందరగా. అత్త అర్థం అడగలేదు. ఆమె చెప్పలేదు. వేలిముద్ర వేసేముందు, జీవాలకి తాను నూరిపోసే ఆకు గురించి అత్త అడిగిన మాట ఒక్కటే: "గరుకాకు పేరు పుస్తకంలోకి ఎక్కుతుందా?"

పుస్తకమంటే పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు బల్ల మీద ఉండే మందుల పుస్తకం. ఆ కాంపౌండరే ఒకరోజు పదిమందిలో, "గడ్డీ గాదరా నూరిపోసి జీవాల్ని చంపకు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత పొట్టలో పురుగు పడిందనీ, కాలు వాచిందనీ అత్త గుమ్మం ముందుకి జీవాల్ని తోలుకొచ్చేవాళ్లు ఒకరొకరే మానేశారు. పుస్తకంలోకి తప్పకుండా ఎక్కుతుందని మేనకోడలు చెప్పింది. ఆమె ఆ మాట నమ్మే చెప్పింది. అత్త తన మందలో పురుగు పట్టిన పద్దెనిమిదింటినీ తోలుకొచ్చి కేంద్రంలో విడిచింది. వాటిని చూసుకునే పని కూడా ఆమెకే ఇచ్చారు.

కోతమనిషి బకెట్టు తెచ్చి గడప దగ్గర దించాడు. బజార్లో మాంసం కొట్టు అతనిది. ఈ మూడు రోజులకీ పిలిపించారు.

"ఇదిగోనమ్మా, మీ నిధి నిక్షేపాలు. కొట్లో నేను మాంసం అమ్ముకుని పేడపొట్ట అవతల పారేస్తాను. మీరు పొట్ట దాచుకుని మాంసం పారేస్తున్నారు. చదువుకోవడమంటే ఇదే కాబోలు."

ఎవరూ నవ్వలేదు. అతను అత్త వైపు చూసి, నాలిక కరుచుకుని వెళ్లిపోయాడు. మందు పోసిన జీవాల మాంసం ఎవరూ తినకూడదు. షెడ్డు వెనక గొయ్యి తవ్వించారు. గొయ్యి పక్కన సున్నం బస్తా ఉంది.

గొర్రెకుండే నాలుగు పొట్టల్లో ఈ పురుగు పట్టేది నాలుగోదానికి. మేనకోడలు దాన్ని తీసింది. రెండు కొసలా దారంతో బిగించి కట్టి ఉంది. కత్తెరతో నిలువునా చీల్చి, మడతల్ని వేళ్లతో విప్పుతూ నీళ్లలో కడిగింది. ఆ నీళ్లని జల్లెడలో పోసి, మిగిలినదాన్ని నల్ల పళ్లెంలో పరిచింది. పురుగులు తలవెంట్రుకంత సన్నగా, ఎరుపూ తెలుపూ మెలేసిన దారప్పోగుల్లా ఉంటాయి. సూదిమొనతో ఒక్కొక్కదాన్నే పక్కకి జరుపుతూ లెక్కపెట్టింది. అత్త గడప అవతలే నిలబడి ఉంది.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"మందు పడకపోతే?"

"వెయ్యి ఉంటాయి. రెండు వేలు కూడా ఉండొచ్చు."

"చూశావా!" అంది అత్త. అలా అన్నందుకు తనకే సిగ్గేసినట్టు కొంగుతో మూతి తుడుచుకుంది. తరవాత వెళ్లి, మిగిలిన రెండు దొడ్లకీ గడ్డి పంచింది. మొదటి దొడ్డి వాటా గోడవారగా పెట్టి, ఎండకి వాడకుండా నీళ్లు చల్లింది.

•

మంగళవారం పొద్దున్నే అత్త సన్నెకల్లు ముందు కూర్చుని ఆకు నూరుతోంది. కల్లు మూడో దొడ్డి పక్కనే ఉంది. ఆకు రసం పోసేది మొదటి దొడ్డికే. అది ఖాళీ అయింది కాబట్టి ఇక నూరాల్సిన పని లేదు.

"ఎందుకత్తా?"

"నీ చేతికి. ఇలా రా."

సూక్ష్మదర్శిని మర తిప్పీ తిప్పీ, సూది పట్టీ పట్టీ మేనకోడలి కుడి మణికట్టు వాచింది. మూడోవారం నుంచీ అత్త రోజూ కట్టు కడుతోంది. ఎర్ర ఈనెల ఆకుని గుప్పెడు తుంచి వేసి, పొత్రంతో ముందుకీ వెనక్కీ నూరి, గుడ్డలో వేసి పిండింది. రసం గిన్నెలో పడింది. పిప్పిలోంచి నిమ్మకాయంత తీసి వాపు మీద పరిచి, పాత గుడ్డ చుట్టి ముడేసింది. గరుకాకు పిప్పి ఎంత నూరినా మెత్తబడదు. సన్నటి ఎర్ర పీచు చర్మానికి గీరుకుంటుంది.

"దురద పెడుతోందత్తా."

"దురద పెడితేనే పనిచేస్తున్నట్టు. మీ నాన్న మోకాలికి కట్టినప్పుడల్లా చీమలు పాకుతున్నాయని గోల పెట్టేవాడు. మర్నాడు చూస్తే చెరకుతోటలో ఉండేవాడు."

నాన్న పోయి ఈ నెలకి ఏడాది. ఇద్దరూ ఆయన మాట ఎత్తింది ఈ ఆరు వారాల్లో ఇదే మొదటిసారి. అత్త మిగిలిన పిప్పిని రెండు చేతులా ఎత్తి బకెట్లో వేసింది. కల్లు మీద నీళ్లు పోసి, చేత్తో తుడిచి, ఆ కడుగు కూడా బకెట్లోకే వంపింది. ఆమె లేచేసరికి కల్లు అద్దంలా ఉంది. పనిచేసే చోటు అంత శుభ్రంగా ఉంచేవాళ్లు కేంద్రంలో ఇంకెవరూ లేరని ఆఫీసరు కూడా ఒకసారి మెచ్చుకున్నాడు.

ఆ రోజు రెండో దొడ్డి. వాటికి ఆరు వారాలుగా కంపెనీ మందు పోశారు. పురుగులు అనుకున్నట్టే తక్కువగా ఉన్నాయి. ఇరవై రెండు, ముప్పై, పద్దెనిమిది. మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి, గోడకి అంటించిన గుడ్ల లెక్కల పట్టీ ముందు నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి. ఎవరినీ గొంతెత్తి కసరడు.

"ఆకు దొడ్డి బాగుంది, కంపెనీ మందు దొడ్డీ బాగుంది. ఉత్త నీళ్లు పోసిన మూడో దొడ్డిలో గుడ్లెందుకు తగ్గాయమ్మా?"

"మూడుసార్లు లెక్కపెట్టాను సార్. తగ్గినమాట నిజమే."

"ఎండలు ముదిరాయి. ఎండాకాలం పురుగు గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది, లోపల మాత్రం దిట్టంగా ఉంటుంది. రేపు కోస్తే తేలుతుంది. రేపటి ఆరు గొర్రెల మీదే ఉంది అంతా."

సాయంత్రం మేనకోడలు ఆ సంగతే అత్తకి చెప్పింది. అత్త మూడో దొడ్డిలో ముక్కాలిపీట మీద కూర్చుని చుక్క గిట్టలు గీరుతోంది. చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె. ఆరు వారాల కిందట అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నది అదే. దవడ కింద నీటిసంచి వేలాడుతూ, నిలబడితే కాళ్లు వణికేవి. ఇప్పుడు అత్త కొంగు నములుతోంది.

"రేపు వీటి పొట్టల్లో పురుగులు బాగా ఉండాలత్తా. వేలకి వేలుండాలి. అప్పుడే గరుకాకు గెలిచినట్టు."

అత్త గీరడం ఆపింది. "ఇవి బాగుంటే?"

"బాగుంటే మనం ఓడిపోయినట్టు."

"గొర్రె బాగుపడితే మందు ఓడిపోతుందా? మీ కేంద్రం వైద్యం బహు చిత్రంగా ఉందే!"

"వీటికి మనం మందు ఇవ్వలేదు కదా. ఇవ్వకుండానే బాగుపడితే, ఇచ్చినవి ఆకువల్లే బాగుపడ్డాయని ఎలా చెప్తాం?"

అత్త అర్థమైనట్టే తలూపింది. చుక్క దవడ కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. "సంచి పూర్తిగా పోయింది. ఇదిగో, చూడు. చర్మం వదులుగా ఉంది, అంతే." దాని మెడ నిమిరింది. "పిల్లా, దీన్నొక్కదాన్నీ వదిలెయ్యమని అడగవూ? ఆరింట్లో ఒకటి లేకపోతే ఏం కొంప మునుగుతుంది?"

మేనకోడలు వెళ్లి అడిగింది. ఆఫీసరు చికాకుపడలేదు.

"నీకు జాలి ఉంది. మంచిదే. లెక్కకి మాత్రం ఉండకూడదమ్మా. అక్కడా ఆరు, ఇక్కడా ఆరు ఉండాలి," అన్నాడు.

•

బుధవారం మూడో దొడ్డి గొర్రెలు కోతమనిషికి లొంగలేదు. ఆరూ మూలకి చేరి, తలలు లోపలికి పెట్టి గుంపుగా బిగుసుకుపోయాయి. అతను ఒకదాని చెవి పట్టుకుంటే తక్కినవి అతని మోకాళ్లని కుమ్మాయి.

"అక్కా, నీ మాటే వింటాయి ఇవి. నన్ను తిట్టుకుంటే తిట్టుకో గానీ, ఒక్కసారి ఇలా రా."

అత్త వచ్చింది. ఏమీ అనకుండా కల్లు పక్కనున్న ఖాళీ బకెట్టు అందుకుని, పిడిని రెండుసార్లు టకటకలాడించింది. ఆరు గొర్రెలూ ఒక్కసారిగా ఆమె వెంటపడ్డాయి. చుక్క అన్నిటికంటే ముందుంది. బకెట్లోకి మూతి దూర్చడానికి ఒకదాన్నొకటి తోసుకుంటూ గచ్చు దాకా వచ్చేశాయి. గుంజ దగ్గర అత్త బకెట్టు కింద పెట్టింది. చుక్క తల అందులోకి పెట్టి, ఖాళీ అడుగుని నాకింది.

"మూడు రోజుల్లో సులువుగా నడిచొచ్చినవి ఇవే," అన్నాడు కోతమనిషి. ఇంకేదో అనబోయి కత్తి కడుక్కున్నాడు. అత్త వెనక్కి తిరిగింది కానీ వెళ్లిపోలేదు. అన్నీ అయిపోయేదాకా గోడకేసి నిలబడింది.

కిటికీలోంచి చూసిన మేనకోడలికి ఒక్క సంగతి అంతుబట్టలేదు. వెదురుగొట్టంతో నోట్లో ఉత్త నీళ్లు పోయించుకున్న గొర్రెలకి బకెట్టంటే అంత ఆశ ఎందుకు?

మొదటి గొర్రె పొట్టలో యాభై రెండు ఉన్నాయి. రెండోదాంట్లో నలభై ఏడు. మూడోది చుక్కది. అరవై. ఆమె జల్లెడ రెండోసారి కడిగింది, మూడోసారి కడిగింది. పురుగులు జారిపోయాయేమోనని బకెట్టు అడుగు దాకా చూసింది. లేవు. అప్పుడు ఎవరూ అడగని పని ఒకటి చేసింది. కోతమనిషి పక్కన పడేసిన చుక్క పెద్దపొట్టని తెప్పించి కోసింది. నమిలిన గడ్డి ముద్ద ఆవిరి కక్కుతూ బల్ల మీద పడింది. వేళ్లతో విడదీసింది. పచ్చగడ్డి పోగుల మధ్య సన్నటి ఎర్ర పీచు తగిలింది. వేలికి గీరుకుంది. దాన్ని మణికట్టు కట్టు పక్కన పెట్టి చూసుకోవాల్సిన అవసరం లేకపోయింది. అయినా పెట్టి చూసింది.

అత్త కల్లు దగ్గర కూర్చుని ఉంది.

"అత్తా, రోజూ పిప్పి ఏం చేసేదానివి?"

"ఏ పిప్పి?"

"రసం పిండాక మిగిలేది."

"వీటికే పెట్టేదాన్ని." ఖాళీ మూడో దొడ్డి వైపు చూపించింది. "కడుగునీళ్లలో కలిపి తొట్టిలో పోస్తే మూతులు నాక్కుంటూ తాగేవి."

"వీటికి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదని చెప్పాను కదత్తా!"

"మందు ఇవ్వలేదే. గొట్టంతో నీళ్లే పోశాను, నువ్వు గీతపెట్టిన గిన్నెతో కొలిచి మరీ. ఇది మందు కాదుగా, పిప్పేగా. మందు నూరిన చెయ్యి నేలమీద దులపకూడదు. దాని మీద ఎవరి కాలైనా పడితే ఇక ఆ మందు ఎవరికీ పట్టదు. మీ తాత దగ్గర్నుంచీ మనింట్లో అదే పద్ధతి." ఆమె గొంతులో భయం లేదు, తప్పు చేశానన్న ధ్యాస లేదు. "పైగా నువ్వేగా అన్నావు, దొడ్డి ముందు ఏదీ పారబోయొద్దు, శుభ్రంగా ఉంచమని."

మేనకోడలు అన్నమాట నిజమే. రోజూ ఆ కల్లు ముందు చెయ్యి చాపి కూర్చుని కట్టు కట్టించుకున్న మాటా నిజమే. నిమ్మకాయంత తన చేతికొస్తే మిగిలింది ఎటు పోతోందని ఆమె ఒక్కరోజైనా అడగలేదు.

"అయితే ఇవి ఆకువల్లే బాగుపడ్డాయా?" అంది అత్త. ముఖం వెలిగింది. "పిప్పికే?"

•

ఆఫీసరు అంతా విన్నాడు. కలానికి మూత పెట్టాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"మొదటిరోజు నుంచీ సార్. అంటే ఆకు పనిచేసినట్టే కదా. రసం పిండేసిన పిప్పికే అన్ని పురుగులు పడిపోయాయంటే..."

"ఏ గొర్రె ఎంత తింది? తూచావా?"

"లేదు సార్."

"అయితే అది కబురు. లెక్క కాదు."

"మళ్లీ చేద్దాం సార్."

"దేనిమీద చేద్దాం?" అన్నాడు ఆఫీసరు. కిటికీలోంచి మూడు ఖాళీ దొడ్లూ కనిపిస్తున్నాయి. గొయ్యి దగ్గర ఎవరో సున్నం చల్లుతున్నారు. "ఇలా కూర్చో. దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు. చూసుకునే మనిషి నిర్వాకంవల్ల ప్రయోగం చెడిందని రాస్తే మీ అత్త పేరు రాయాలి. ఆవిణ్ణి కనిపెట్టి ఉండాల్సిన నీ పేరూ రాయాలి. రేపు ఆవిడ ఆకు పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కినా, కేంద్రంలో గొర్రెల్ని పాడుచేసింది ఈవిడే అంటారు. లేదంటే పళ్లెంలో కనిపించింది మాత్రమే రాద్దాం. మూడు దొడ్లలోనూ పురుగులు తక్కువే. మందు ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా కనిపించలేదు. ఇందులో అబద్ధమేమైనా ఉందా?"

ఒక్కొక్క అంకె నిజమే.

"మీ అత్త మంచికే చెప్తున్నాను."

సంతకం పెట్టేటప్పుడు మణికట్టు నొప్పెట్టలేదు. వాపు చాలావరకు తీసింది.

•

శుక్రవారం అత్తని పిలిపించారు. గొర్రెల యజమానిగా రిపోర్టు కింద వేలిముద్ర వెయ్యాలి. ఆఫీసరు గది నేల మీద ఆమె ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. కుర్చీ ఉందని చెప్పినా వద్దంది. మేనకోడలు కాగితం పట్టుకుని పక్కనే కూర్చుంది. ఈసారి ప్రతి వాక్యం నిదానంగా చదివి, ఆగి, మామూలు మాటల్లో అర్థం చెప్పింది. ఒక్క మాటా వదల్లేదు. గరుకాకు పురుగుల మీద పనిచేస్తుందని నిరూపణ కాలేదన్న వాక్యం కూడా చదివింది.

అత్త కళ్లు మూసుకుని వింటోంది. "పుస్తకంలోకి ఎక్కదన్నమాట."

"ఎక్కదు."

"సరే. తర్వాతేముంది?"

"మూడో దొడ్డి. మందు ఏమీ ఇవ్వలేదు. ఉత్త నీళ్లు మాత్రమే ఇచ్చాం."

అత్త కళ్లు తెరిచింది. "ఆ మాట తప్పు."

"అలా రాస్తేనే నీ పేరు రాకుండా ఉంటుందత్తా."

"నా పేరుదేముంది? రాయండి. ముసల్దానికి తెలియక పెట్టిందని రాయండి. పెట్టిందాన్ని పెట్టలేదని ఎలా రాస్తారు? ఆరూ తిన్నాయి. నా చేతి బకెట్టు నమ్ముకుని తిన్నాయి. తిని బాగుపడ్డాయి. బాగుపడ్డాకే కదా మీరు కోసింది." ఆమె గొంతు పెంచలేదు. సిరా అంటిన బొటనవేలిని తన కాలిమడమకి రుద్ది తుడిచేసుకుంది. "దీనిమీద నేను వేలు వెయ్యను బాబూ."

ఆఫీసరు కాగితం అందుకుని కిందిభాగం చూశాడు.

"ఫరవాలేదమ్మా. మీ వేలిముద్ర ఉంటే మర్యాదగా ఉంటుందని పిలిచాం, అంతే. మీ మేనకోడలి సంతకం ఉంది. అది చాలు," అన్నాడు.

అత్త మేనకోడలి వైపు చూసింది. "ముందే పెట్టేశావా!" అంది.

బయట షెడ్డు దగ్గర ఆమె సన్నెకల్లు ఎత్తి గోనెలో చుట్టింది. పొత్రం విడిగా కట్టుకుంది. మేనకోడలు సాయం పట్టబోయింది.

"ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

కట్టు మార్చడానికేమో అనుకుని ఆమె చెయ్యి చాపింది. అత్త ముడి విప్పింది. ఎండిన పిప్పిని గోటితో జాగ్రత్తగా, ఒక్క పీచు కూడా మిగలకుండా ఒలిచింది. కింద రాలనివ్వకుండా అరచేతిలో పోగేసి, కొంగు చివర పోసి ముడేసుకుంది.

"పనిచెయ్యదని సంతకం పెట్టావు కదమ్మడూ. ఇంకెందుకిది నీకు?" అంది.

గోనె నెత్తికెత్తుకుని గేటు వైపు నడిచింది. గోడవారగా మూడు దొడ్ల గడ్డీ ఎండిపోయి ఉంది. దాని వైపు ఆమె తిరిగి చూడలేదు.

రిజిస్టరు ప్రయోగశాల బీరువాలో పై అరలో ఉంది. తాళం మేనకోడలి దగ్గరే ఉంటుంది. మూడో దొడ్డి వరుసలో, 'ఇచ్చిన మందు' అన్న గడిలో, నలభై రెండు రోజులకి, ఏమీ ఇవ్వలేదన్న గుర్తుగా, నలభై రెండు అడ్డగీతలు ఉన్నాయి. అన్నీ ఆమె గీసినవే. ఇప్పటిదాకా ఒక్కటీ దిద్దలేదు.